మార్కుల కార్డులో లేని తెలుగు

"తెలుగు నా మాతృభాష కాదమ్మా, ఇదిగో చూడు, హిందీ అని ఉంది" అంటూ మా అమ్మాయి మార్కుల కార్డు నా చేతికిచ్చింది. వాదనకు దిగలేదు, ఉన్న సంగతి చెప్పిందంతే. సింగపూర్ బడిలో నాలుగో తరగతి చదివే పిల్లకు అంతకన్నా పెద్ద రుజువేముంటుంది?

ఇక్కడ ఇంగ్లీషుతో పాటు ఒక మాతృభాష చదవాలి. చైనీయులకు మాండరిన్, మలయ్‌లకు మలయ్. భారతీయులకు తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి. తెలుగు ఆ వరుసలో లేదు. ఆరో తరగతి చివర దేశమంతా రాసే పరీక్షలో ఈ మార్కులూ కలుస్తాయి కాబట్టి ఎవరూ తేలిగ్గా తీసుకోరు. రేపు హైదరాబాద్ తిరిగి వెళ్తే పనికొస్తుందని మావారు హిందీ అన్నారు, నేనూ సరేనన్నాను. శనివారం పిల్లను హిందీ తరగతిలో దింపి వస్తాను. ఆదివారం అదే పిల్ల ముందు గుణింతాల పుస్తకం తెరిచి 'ఇది మన భాష' అంటాను.

ఇంట్లో తెలుగే మాట్లాడండని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటాను. ఆ మాట మీద నాకిప్పటికీ నమ్మకముంది. అయితే మా ఇంట్లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనే సాగుతాయి. తొందరలోనూ కోపంలోనూ నా నోట తెలుగు వస్తుంది. "ఇంకా తెమల్లేదా?", "ఎన్నిసార్లు చెప్పాలి?" దాని చెవిన ఎక్కువగా పడే తెలుగు ఇదే. అమ్మమ్మ ఫోను చేసినప్పుడు మాత్రం వేరే తెలుగు వింటుంది, కిలకిలా నవ్వుతుంది. ఆ తేడా నన్ను బాధిస్తుంది.

ఈ దేశం మీద నాకు కోపం లేదు. 1964లో ఇక్కడ చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. అవి మొదలైన జూలై 21నే బళ్లలో జాతుల సామరస్య దినం జరుపుతారు. జనం ఎవరి వాడలు వాళ్లు కట్టుకోకుండా, ప్రభుత్వ ఫ్లాట్లలో ఏ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండవచ్చో 1989 నుంచి పరిమితి పెట్టారు. దాని బరువు ఎక్కువగా మోసేది మైనారిటీలే. చైనీయుల వాటా నిండిన బ్లాకులో భారతీయుడు తన ఇల్లు చైనీయుడికి అమ్మలేడు, కొనేవాళ్లు తగ్గి ధర పడిపోతుంది. అయినా ఆ కలయిక ఫలం మా ఇంటికీ అందింది.

రకరకాల తిండి కొట్లు ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో తిన్న ట్రేలు పెట్టడానికి వేర్వేరు అరలుంటాయి, హలాల్‌వి ఒకవైపు, మిగతావి మరోవైపు. ఫోను చూసుకుంటూ ఒకసారి నేను మా ట్రేను హలాల్ వైపు పెట్టబోతే మా అమ్మాయి చేయి పట్టుకుని ఆపింది. "అది వాళ్లది. మనది ఇటు." ఎవరూ పాఠంగా చెప్పలేదు, పక్కింటి మలయ్ నేస్తంతో తిరిగి నేర్చుకుంది. దాని వయసులో నాకు నేర్పింది ఏ ఇంట్లో మంచినీళ్లు తాగవచ్చో, ఏ ఇంట్లో తాగకూడదో. అదీ మన సంస్కృతి పేరుతోనే నేర్పారు. దాన్ని నా బిడ్డకు అందనివ్వను. మరి ఏది అందించాలి, ఏది ఆపాలి అని నిర్ణయించే తూకం నా చేతికి ఎవరిచ్చారు?

మారిషస్‌లో ప్రభుత్వ బళ్లలో తెలుగు చెబుతారు, ఉగాదికి సెలవిస్తారు. అక్కడి తెలుగువాళ్ల పెద్దలు 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్లినవారు, తరాలుగా అదే వాళ్ల దేశం. మాకా, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు హైదరాబాద్‌లో. ఇక్కడి బళ్లలో తెలుగు పెట్టమని అడగాలని నాకు గట్టిగా ఉంది. మలయాళీలూ, కన్నడిగులూ, మరాఠీలూ అదే అడిగితే కాదనే హక్కు నాకుండదు. అందరికీ పంతుళ్లను ఎక్కడి నుంచి తేగలరు?

వచ్చే ఏడాది మా అబ్బాయి ఒకటో తరగతిలో చేరాలి. వాడికి మాతృభాషగా తమిళం రాద్దామంటున్నాను. ఈ దేశపు నాలుగు అధికార భాషల్లో అదొకటి. రైల్లో, ఆసుపత్రిలో, సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడిలో వాడికి అదే ఎదురవుతుంది, పైగా తెలుగుకు చుట్టం. మావారికి అదే భయం. మలేషియా తోటలకు వెళ్లిన తెలుగు కుటుంబాల్లో కొన్ని తమిళంలో కలిసిపోయాయని గుర్తుచేస్తారు. తెలుగుకు చోటివ్వాల్సిన మనసులో తమిళమే సర్దుకుపోతే ఏం చేస్తావంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా తమిళమే అంటున్నాను.