తక్కువ ఖర్చులో కారు బ్రేకులు బాగుపడాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

కారు బ్రేకులు సరిగా పట్టడం లేదనిపించగానే చాలామందికి మొదట తట్టేది పెద్ద డిస్కులు, లేదంటే వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించడం. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కో చిన్న సెడాన్‌కో ఆ పని వేలకు వేలు మింగుతుంది. వచ్చే లాభం మాత్రం అనుకున్నంత ఉండదు. అందులో కొంత డబ్బే సరైనచోట పెడితే బండి ఇప్పటికంటే బాగా ఆగుతుంది. ఆ చోటు ఏదో తెలియాలంటే ముందు మీ బండిలో ఏది తక్కువైందో తేల్చుకోవాలి.

పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి. ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, రోడ్డు పొడిగా, తిన్నగా ఉండాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పెడల్ గట్టిగా తొక్కి పెట్టండి. కాలి కింద పెడల్ గడగడ కొట్టుకుంటే చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పని మొదలుపెట్టిందన్నమాట. ఏబీఎస్ లేని పాత బండైతే చక్రాలు లాక్ అయి టైర్లు ఈడ్చుకుపోతాయి. రెండింట్లో ఏది జరిగినా బ్రేకుకు బలం ఉంది, టైరుకే పట్టు అయిపోయింది. ఆ టైర్లతో ఎంత పెద్ద డిస్కు వేసినా బండి అంతకంటే ముందు ఆగదు. ఎంత తొక్కినా ఏబీఎస్ దాకా పోకపోయినా, పెడల్ మెత్తగా దిగిపోయినా, బండి ఒక పక్కకు లాగినా అప్పుడు లోపం బ్రేకుల్లో వెతకాలి.

కాబట్టి మొదటి ఖర్చు టైర్లే. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, కానీ వాన రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దగ్గరే పట్టు బాగా పడిపోతుంది. గాడి నిండుగా ఉన్నా వయసు చూడండి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి: 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. మన అనంతపురం, కడప ఎండల్లో బయట నిలిపే బండి టైరు అయిదారేళ్లకే గట్టిపడి, పక్కన సన్న పగుళ్లు వేస్తుంది. నొక్కితే గోరు దిగని టైరు మీద ఎంత బ్రేకు కొట్టినా జారడమే. కొత్తవి కొనేటప్పుడు 'ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది' అన్న మాటకే పడిపోవద్దు. ఎక్కువ కాలం అరగకుండా ఉండేలా గట్టి రబ్బరుతో చేసిన టైరు సాధారణంగా ఆగడంలో వెనకబడుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద శెనక్కాయలు, కొర్రలు ఆరబోసే పల్లెల దగ్గర, కడప బండల లారీల నుంచి రాలిన పొడి పరుచుకున్న తాడిపత్రి దారిలో, ఆ తేడా కాలికే తెలుస్తుంది. గాలి ఒత్తిడి డ్రైవరు డోరు పక్కన అంటించిన చీటీలో రాసినంతే పట్టండి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు.

ఇక ఘాట్ల సంగతి వేరు. రాయచోటి వైపు నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నా, నల్లమలలో ఆత్మకూరు–దోర్నాల దారిలో పోతున్నా అక్కడ సమస్య వేడి. లెక్క చూడండి: మనుషులతో కలిపి 1200 కిలోల బండిని గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 463 కిలోజౌళ్లు. 80 నుంచి అయితే 296 మాత్రమే. అదే బండి వేగం పెరగకుండా 100 మీటర్ల ఎత్తు దిగాలంటే సుమారు 1177 కిలోజౌళ్లు ఎక్కడో ఖర్చు కావాలి. అంటే 100 వేగం నుంచి రెండున్నర సార్లు పూర్తిగా ఆపినంత. ఇంజనుకు కొంత పని అప్పగించకపోతే ఇందులో ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీదే పడుతుంది.

వేడికి బ్రేకు చేతులెత్తేయడంలో రెండు రకాలున్నాయి, వీటిని విడిగా గుర్తుపట్టాలి. పెడల్ గట్టిగానే ఉంది, కానీ ఎంత తొక్కినా బండి నెమ్మదించడం లేదు, మాడు వాసన వస్తోంది: డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు వాటి హద్దు దాటి కాలాయి. పెడల్ మెత్తబడి నేల దాకా పోతోంది: బ్రేక్ ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి చేరింది. ఆవిరి అణిగిపోతుంది కాబట్టి కాలి బలం చక్రం దాకా చేరదు. మొదటిదానికి మందు మంచి ప్యాడ్లు, రెండోదానికి కొత్త ఆయిల్. ప్యాడ్లకు డబ్బు పెట్టి ఆయిల్‌ను పాతదే ఉంచేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది, ఎందుకంటే రెండోది ముందస్తు హెచ్చరిక ఇవ్వదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మీద రాసుండే రకాల్లో డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు ఇవి 230, 155. డాట్ 5.1కు 260, 180. డాట్ 3 ఉన్న బండిలో డాట్ 4 పోయొచ్చు, రెండూ గ్లైకాల్ రకమే. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని 5.1 బదులు అది పోస్తే మొత్తం వ్యవస్థ పాడవుతుంది. అర లీటరు డాట్ 4 డబ్బా కొన్ని వందల్లో వస్తుంది. నాకు తెలిసి బ్రేకుల మీద పెట్టే ఖర్చులో ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది లేదు. రెండేళ్లకోసారి మార్చాలి. చాలా షెడ్లలో మార్చడం అంటే బానెట్ కింద ఆయిల్ నిల్వ ఉండే డబ్బాలో ఉన్నది తీసి కొత్తది పోయడమే. చక్రాల దగ్గర, అసలు వేడి తగిలేచోట, పాతదే మిగిలిపోతుంది.

సరిగా మార్చే తీరు ఇది. ముందు డబ్బాలోని నల్లబడ్డ ఆయిల్‌ను సిరంజితో లాగేసి, సీలు తీయని కొత్త డబ్బా నుంచి మ్యాక్స్ గీత దాకా నింపండి. స్టీరింగు కుడివైపు ఉండే మన బండ్లలో మామూలుగా, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి క్రమంలో చేస్తారు. కంపెనీ పుస్తకంలో వేరే క్రమం ఉంటే అదే పాటించండి. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కు సరిపోయే రింగు పానా పెట్టి, దాని మీద చేపల తొట్టికి వాడే పారదర్శక పైపు తొడిగి, రెండో కొసను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపల ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. నిపుల్ పావు చుట్టు వదులు చేస్తే ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి వెనక్కి లోపలికి పోతుంది. పైపులో టీ డికాషన్ రంగు పోయి లేత పసుపు వచ్చేదాకా, బుడగలు ఆగేదాకా చేయాలి. నాలుగైదు సార్లు తొక్కగానే పై డబ్బా చూసుకుంటూ నింపండి. అది ఖాళీ అయి గాలి మింగితే పని మళ్లీ మొదటికి, ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే స్కానర్ ఉన్న షెడ్డుకు పోవాల్సి వస్తుంది. చిన్న కారుకు అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది.

ఇందులో పాత బండ్లకు తగిలే దెబ్బ ఒకటుంది. ఏళ్ల తరబడి పెడల్ సగం దూరమే తిరిగి ఉంటుంది, మాస్టర్ సిలిండర్ లోపల ఆ తర్వాతి భాగంలో తుప్పు, మడ్డి చేరి ఉంటాయి. ఇలా ఆయిల్ మార్చేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే రబ్బరు సీళ్లు ఆ గరుకు మీద గీసుకుని చిరుగుతాయి. అందుకే పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెట్టండి. పని అయ్యాక ఇంజను ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి అర నిమిషం పట్టుకోండి. నెమ్మదిగా దిగుతూ ఉంటే ఎక్కడో లీకుంది, బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లే. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకుంటే పెయింటు లేస్తుంది. ఇంజనాయిల్ గానీ, స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున చుక్క కూడా పోయకూడదు, సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

ప్యాడ్ల దగ్గర నా సలహా సూటిగా చెబుతాను: బండితో వచ్చిన కంపెనీ ప్యాడ్లు, లేదా పేరున్న తయారీదారుల ప్యాడ్లు చాలు. రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు, ఊళ్లో మొదటి సిగ్నల్ దగ్గరే ఇబ్బంది పెడతాయి. కొన్ని ప్యాడ్ల అంచు మీద ఎఫ్ఎఫ్, జీజీ అని రెండు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి గుణకం, అంటే ప్యాడ్ ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె. 'ఈ' అక్షరం అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువగా ఉంటే ఘాట్‌లో పట్టు తగ్గుతుందని ముందే తెలిసినట్టే. మన రోడ్లకు ఎఫ్ఎఫ్ చక్కగా సరిపోతుంది. మరీ చవకగా దొరికే లూజు ప్యాకింగు ప్యాడ్లు మాత్రం వద్దు.

కొత్త ప్యాడ్లు వేసినా బ్రేకు బాగుపడకపోవడానికి నేను ముందు అనుమానించేది ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్నులనే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో రాతి పొడి, సిమెంటు దుమ్ము పిన్ను మీది రబ్బరు బూటు చిరుగులోంచి లోపలికి పోయి గ్రీజుతో కలిసి గట్టిగా అతుక్కుంటుంది. క్యాలిపర్ జరగకపోతే లోపలి ప్యాడే నొక్కుకుంటుంది, అదే అరుగుతుంది, బయటిది కొత్తగా మిగులుతుంది. పాత ప్యాడ్లు తీసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పిన్ను చేత్తో నొక్కితే జారాలి, వదిలితే కొంచెం వెనక్కి రావాలి. బయటికి లాగి బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, సిలికాన్ గ్రీజు గానీ క్యాలిపర్ గ్రీజు అని డబ్బా మీద రాసున్నది గానీ పల్చగా పూయండి. బేరింగు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. చిరిగిన బూటును అలాగే వేయొద్దు. ప్యాడ్ చెవులు కూర్చునేచోట తుప్పును వైరు బ్రష్‌తో గీకి, స్టీలు క్లిప్పులు కొత్తవి వేయండి. విప్పిన క్యాలిపర్‌ను రబ్బరు పైపుకు వేలాడదీయకుండా తీగతో పైకి కట్టండి. ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను సీ క్లాంపుతో వెనక్కి నెట్టేటప్పుడు పై డబ్బాలో ఆయిల్ పొంగుతుంది, కాస్త తీసిపెట్టుకోండి. అంతా బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుకు బ్రేకే ఉండదు.

డిస్కు అంచున లేదా మధ్య భాగంలో కనీస మందం చెక్కి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచి అంతకంటే తగ్గితే మార్చేయండి, లేత్ మీద పట్టించడానికి చూడొద్దు. బ్రేకు వేసినప్పుడు పెడల్ వణికితే డిస్కు వంగిందంటారు. చాలాసార్లు అసలు కారణం మందంలో తేడా, లేదా చక్రం బిగించే హబ్‌కూ డిస్కుకూ మధ్య ఇరుక్కున్న తుప్పు రేకు. హబ్ ముఖం శుభ్రం చేయకుండా వేసిన కొత్త డిస్కు కూడా కొన్ని వేల కిలోమీటర్లకు వణుకుతుంది. గాలి గన్నుతో ఎంత పడితే అంత బిగించిన నట్లూ దీనికి కారణమే. చిన్న కార్లకు మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య, మీ పుస్తకంలో ఉన్న అంకెకు టార్క్ పానాతో బిగించాలి.

వెనక డ్రమ్ములు తీసేయనక్కర్లేదు. బ్రేకు కొట్టినప్పుడు బరువు ముందుకు పోతుంది కాబట్టి వెనక చక్రాలు చేసే పని తక్కువ. కానీ ఆ తక్కువ పనైనా చేయాలి. డ్రమ్ము విప్పి, దుమ్మును తడిగుడ్డతో తీయండి, గాలి కొట్టొద్దు, డ్రమ్ముకు రాసుకునే చవక లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. లైనర్లను డ్రమ్ముకు నెట్టే వీల్ సిలిండర్ బూటు ఎత్తితే లోపల తడి కనిపిస్తే సిలిండర్ మార్చండి, ఆయిల్ తాగిన లైనర్లనూ మార్చండి, రెండు పక్కలా. సర్దుబాటు చక్రం బిగుసుకుపోయి ఉంటే విడదీసి గ్రీజు పెట్టి, డ్రమ్ము తిప్పితే సన్నగా రాసుకునేంత దగ్గరికి తెండి. దీంతోనే పెడల్ ఎత్తు పెరిగి బ్రేకు వెంటనే అందుతుంది. హ్యాండ్‌బ్రేక్ కేబులు ఆ తర్వాతే బిగించాలి, ముందు కాదు.

స్టీలు అల్లిక పైపులతో పెడల్ కొంచెం గట్టిగా అనిపిస్తుంది, ఆగే దూరం మారదు. పదేళ్లు దాటి పగుళ్లు వేసిన రబ్బరు పైపులకు కంపెనీ రబ్బరు పైపులే కొత్తవి వేస్తే చాలు. ఇవన్నీ చేసి, మంచి టైర్లు వేసి, ఇంకా ఘాట్లలో రోజూ నిండా బరువుతో తిరిగేవాళ్లకు మాత్రమే పెద్ద డిస్కు ఆలోచన. అది కూడా అదే మోడల్ పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చిన గాలి ఆడే డిస్కు, దాని బ్రాకెట్, క్యాలిపర్ మొత్తం సెట్టుగా, మీ రిమ్ములో పడుతుందో కొలిచాకే. కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, బీమా వాళ్లూ అడుగుతారు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. బైపాస్ ఖాళీగా ఉన్నప్పుడు 60 నుంచి 15 దాకా మధ్యస్థంగా తొక్కి తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. మధ్యలో అర నిమిషం ఆరనిస్తూ ఎనిమిది పదిసార్లు చేయండి. తర్వాత పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడపండి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి నిలబెడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి వణుకు మొదలవుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. పెడల్ మీద కాలు ఆనించి పెట్టకుండా, గట్టిగా కాసేపు వేసి వదలండి. వదిలిన ఆ సమయంలోనే డిస్కు ఆరుతుంది. మాడు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెడల్పు ఉన్నచోట ఆపి, ఫస్ట్ గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, పగులుతాయి. అరగంట ఆరాక పెడల్ మళ్లీ గట్టిగా ఉంటే నెమ్మదిగా దిగి ఆ వారంలోనే ఆయిల్ మార్పించండి. ఇంకా మెత్తగానే ఉంటే నడపకుండా రికవరీ బండిని పిలిపించండి.