శ్రావణ శుక్రవారం, పార్క్ ప్లేస్
ఆగస్టు 13, 2010

రంజాన్ నెలలో మొదటి శుక్రవారం కూడా ఇవాళే. లంచ్‌కి లేస్తుంటే మా టీమ్‌లోని టోలీచౌకి కుర్రాడు "అన్నా, నమాజ్‌కి పోతున్నా, వస్తవా అటు దిక్కు?" అన్నాడు. వెళ్ళింది న్యూయార్క్‌లోని పార్క్ ప్లేస్ వీధికే. "గ్రౌండ్ జీరో మసీదు" అని టీవీల్లో ఊదరగొడుతున్నారే, అక్కడికే. గ్రౌండ్ జీరో అంటే 9/11 దాడిలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లు కూలిన చోటు, ఇక్కడికి దగ్గరే.

చూస్తే ఐదంతస్తుల పాత బిల్డింగు. ఒకప్పుడు చలికోట్లు అమ్మే షాపు. 2001లో ఆ దాడి రోజున విమానం చక్రాల భాగం కప్పు చీల్చుకుని ఇందులో పడింది. తర్వాత ఏళ్ళ తరబడి ఖాళీ. అప్పుడు దీన్ని పవిత్ర స్థలమన్నవాళ్ళు లేరు, బూజు దులిపినవాళ్ళూ లేరు. ఈ మసీదు తలపెట్టినవాళ్ళు కిందటేడు కొన్నారు, అప్పట్నుంచీ లోపల నమాజ్ జరుగుతూనే ఉంది. రచ్చ మాత్రం ఈ ఏడాదిదే.

ఇక్కడ 13 అంతస్తులు కడతారట. ఈతకొలను, 500 మంది పట్టే ఆడిటోరియం, వంట స్కూలు, నమాజు హాలు, 9/11 మృతుల స్మారకం. అన్ని మతాలవాళ్ళూ కలుసుకోవాలన్నది ఇమామ్ ఫైసల్ అబ్దుల్ రవూఫ్ ఆలోచన. మేలో ఆ పేట కమ్యూనిటీ బోర్డు 29-1తో సరేనంది. ఈ నెల 3న, చారిత్రక కట్టడాలను కాపాడే లాండ్‌మార్క్స్ కమిషన్ 9-0తో పాత బిల్డింగుకి రక్షణ అక్కర్లేదని, అంటే కూల్చుకోవచ్చని తేల్చింది.

తలుపు సందులోంచి చెప్పులు కనిపించాయి. ఆఫీసు షూల వరసలో అరిగిపోయిన రబ్బరు స్లిప్పర్లొక జత. కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమన్నా గొడవా?" అన్నాను. "ఫ్యాన్ గాలి తగుల్తలేదన్నా, గదే గొడవ."

రాత్రి న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అన్నయ్య ఫోన్. అప్పుడే ఒబామా వైట్‌హౌస్ ఇఫ్తార్‌లో, అక్కడ కట్టుకునే హక్కు వాళ్ళకుందని చెప్పాడు. అన్నయ్యకి ఒళ్ళు మండింది. "కట్టుకోవద్దనట్లేదురా, అక్కడే ఎందుకు? పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎలా ఉంటుంది?"

ఆ రెండో మాట కొట్టిపారేసేది కాదు. కానీ పోయినవాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. వరల్డ్ ట్రేడ్ సెంటర్ సౌత్ టవర్ 17వ అంతస్తులో వాళ్ళు నమాజ్ చేసుకునే గదే ఉండేది. మన గుడి కడతామంటే టౌన్‌షిప్ మీటింగులో పార్కింగ్ చాలదు, ట్రాఫిక్ పెరుగుతుందని ఒకరి తర్వాత ఒకరు లేస్తే, "అసలు మాట కడుపులో దాచుకుని పార్కింగ్ అంటున్నారు" అని మండిపడింది ఈ అన్నయ్యే. గుర్తుచేశాను.

"అది వేరు, ఇది వేరు." ఎలా వేరో మాత్రం చెప్పలేదు. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి వదిన రమ్మందనీ, తమలపాకులు నన్నే తెమ్మందనీ చెప్పి పెట్టేశాడు.