పది గంటల తీర్పులు

న్యూజెర్సీ సుపీరియర్ కోర్టులో అప్పీళ్లు వినే విభాగమైన అప్పిలేట్ డివిజన్ తన తీర్పులను పనిదినాల్లో ఉదయం పది గంటలకు వెబ్‌సైటులో పెడుతుంది. ఎడిసన్‌లోని ఒక చిన్న న్యాయవాద కార్యాలయంలో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు కేసుల పనిలో సాయపడుతూ, పనిచేస్తున్న నాకు, కాఫీ పక్కన పెట్టుకుని వాటిని తెరిచి చూడటం కొన్నేళ్లుగా అలవాటు. ఇన్సూరెన్స్ తగాదా, దొంగతనం కేసు, విడాకులు, పిల్లల కస్టడీ అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. చాలా వాటిపై రాసిన న్యాయమూర్తి పేరు ఉండదు. పైన మాత్రం ప్రచురణకు అనుమతి లేదన్న మాట ఉంటుంది. అంటే రాష్ట్ర కోర్టుల 1:36-3 నిబంధన ప్రకారం ఆ తీర్పు ఆ కక్షిదారులకే గాని ఇతర కోర్టులకు శిరోధార్యం కాదు. నేను ముందుగా తెరిచేవి అవే. గృహహింస కేసుల్లో పేర్లకు బదులు పొడి అక్షరాలు వేస్తారు. కానీ పెళ్లి హైదరాబాదులో జరిగిందని, అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారని చదివిన తరువాత ఆ అక్షరాలు దాచగలిగేది ఇంటిపేరు ఒక్కటే.

మా ఆఫీసుకు వచ్చే తెలుగువారిలో ఎక్కువమంది, అప్పీలంటే కేసు మళ్లీ మొదటినుంచి నడుస్తుందని అనుకుంటారు. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. మన దేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద వేసే మొదటి అప్పీలులో పై కోర్టు సాక్ష్యాన్ని తానే తిరిగి తూచి, వాస్తవాల మీద కూడా వేరే నిర్ణయానికి రావచ్చు. 100వ సెక్షన్ కింద రెండో అప్పీలుకు వెళ్లినప్పుడే, 1976 సవరణ తరువాత, గణనీయమైన న్యాయప్రశ్న ఉంటే తప్ప హైకోర్టు అందులో తల దూర్చదు. నాన్నగారి పొలం దావా ఒక కోర్టులో పోయి పై కోర్టులో నెగ్గడం చూసి పెరిగిన మనిషి, ఇక్కడ కూడా కొత్త వాట్సాప్ మెసేజుల ప్రింట్లు, ఊరి నుంచి తెప్పించిన అఫిడవిట్లు ఫైలులో పెట్టుకుని వస్తాడు. వాటిలో ఒక్క కాగితాన్ని కూడా అప్పీలుకు జత చేయలేమని చెప్పడం నా ఉద్యోగంలో నాకు ఇష్టంలేని భాగం. తుది తీర్పు మీద అప్పీలు చేసుకోవడం ఇక్కడా హక్కే; అందుకు 45 రోజుల గడువు ఉంది, తగిన కారణం చూపితే మరో 30 రోజుల వరకు ఇవ్వవచ్చు. అయితే ఆ న్యాయమూర్తులు చూసేది విచారణ కోర్టు రికార్డును మాత్రమే. అక్కడ దాఖలు కాని కాగితం, అక్కడ పలకని మాట వారి దృష్టిలో లేనట్టే.

రికార్డు చూసినంత మాత్రాన వాస్తవాలను తిరగదోడతారని కాదు. దీనికి అందరూ ఉదహరించే కేసు 1974 నాటి రోవా ఫార్మ్స్. అది జాక్సన్ టౌన్‌షిప్‌లో రష్యన్ వలసదారులు నడిపిన విడిది. అక్కడ నీటిలోకి దూకి తీవ్రంగా గాయపడిన వ్యక్తికి జ్యూరీ 2,25,000 డాలర్లు ఇప్పించగా, విడిదికి ఉన్న పాలసీ 50,000 డాలర్లకే పరిమితం. ఇన్సూరెన్స్ కంపెనీ సకాలంలో రాజీ కుదర్చలేదు గనుక మిగిలిన సొమ్ము కూడా అదే భరించాలని విడిది దావా వేసి గెలిచింది. ఆ సందర్భంలో రాష్ట్ర సుప్రీంకోర్టు, జ్యూరీ లేకుండా న్యాయమూర్తి తానే తేల్చిన వాస్తవాలు నమ్మదగిన సాక్ష్యానికి బొత్తిగా విరుద్ధమై న్యాయాన్నే దెబ్బతీసేలా ఉంటే తప్ప పై కోర్టు వాటిని కదిలించరాదని చెప్పింది. ఇన్సూరెన్స్ గొడవలో పుట్టిన ఆ వాక్యం ఇప్పుడు భరణం అప్పీళ్లలోనూ కస్టడీ అప్పీళ్లలోనూ కనిపిస్తుంది. చట్టానికి అర్థం చెప్పే విషయంలో మాత్రం కింది కోర్టు మాటకు ఇచ్చే ఈ మర్యాద వర్తించదు. అక్కడ కింది కోర్టు ఏమన్నదన్న దానితో పనిలేకుండా పై కోర్టు తానే మొదటినుంచి ఆలోచిస్తుంది.

కుటుంబ కోర్టు విషయంలో ఈ మర్యాద మరో మెట్టు ఎక్కింది. 1998లో సెజారే కేసులో, భార్యకు ఇచ్చిన గృహహింస రక్షణ ఉత్తర్వును అప్పిలేట్ డివిజన్ రద్దు చేస్తే రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. కుటుంబ వ్యవహారాల్లో ఆ న్యాయమూర్తులకు ప్రత్యేక అనుభవం ఉంటుందని, సాక్షిని కళ్లారా చూసినది వారేనని కారణం చెప్పింది. అందువల్ల, అబద్ధమాడిన భార్యను జడ్జిగారు నమ్మారనో, భర్త కన్నీళ్లకు కరిగిపోయారనో చేసే అప్పీళ్లు దాదాపు ఓడిపోవడానికే వస్తాయి.

నెగ్గేవి వేరే ఉన్నాయి. అవి ఎవరు నిజం చెప్పారన్న తగాదా పెట్టుకోవు. జడ్జిగారు తన నిర్ణయానికి కారణం చెప్పలేదని మాత్రమే అంటాయి. 1:7-4 నిబంధన ప్రకారం జ్యూరీ లేని విచారణలో న్యాయమూర్తి తాను కనుగొన్న వాస్తవాలనూ వాటికి వర్తించే చట్టాన్నీ విడివిడిగా చెప్పి తీరాలి. కారణం చూపని ఉత్త నిర్ణయాలు చాలవని 1980లో కర్టిస్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే అన్నది. వాయిదాల ఒత్తిడిలో ఉన్న కుటుంబ కోర్టు, పిల్లల పోషణ ఖర్చు పెంచమన్న దరఖాస్తును ముందే అచ్చువేసిన ఉత్తర్వు ఫారంలో ‘నిరాకరించడమైనది’ అన్న గడిలో గుర్తు పెట్టి పంపేస్తుంది. ఏడాది తరువాత అప్పిలేట్ డివిజన్, ఆ గుర్తు వెనుక ఏ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారో తెలియడం లేదంటూ కేసును తిరిగి కిందికే పంపుతుంది. కక్షిదారు దీన్ని గెలుపు అనుకుని స్వీట్లు తెస్తాడు. అదే జడ్జిగారు మూడు పేజీల కారణాలు జోడించి అదే నిర్ణయాన్ని మళ్లీ ఇవ్వవచ్చని చెప్పే ధైర్యం ఆ పూట నాకు ఉండదు.

క్రిమినల్ తీర్పుల్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది 2017 నాటి ఎస్.ఎస్. కేసు. పోలీసుల ప్రశ్నల మధ్య నిందితుడు, తాను చెప్పాల్సింది ఇంతేనన్న అర్థం వచ్చే మాట అన్నాడు. అయినా వారు ప్రశ్నించడం ఆపలేదు. విచారణ జడ్జి వీడియో చూసి, అది మౌనం వహించే హక్కును కోరడమేనని తేల్చారు. ఆ వీడియోను పై కోర్టు కూడా చూడగలదు, సాక్షిని ఎదురుగా చూసిన ప్రత్యేకత ఇక్కడ ఎవరికీ లేదు. అయినప్పటికీ, వీడియో నుంచి తేల్చిన వాస్తవాలకు కూడా విచారణ జడ్జి మాటకే విలువ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పి, అంతకు ఐదేళ్ల క్రితపు తన వైఖరిని వదులుకుంది. ఫలితం నిందితుడి హక్కును కాపాడింది, దానితో నాకు పేచీ లేదు. అదే సూత్రం రేపు వీడియోను తప్పుగా అర్థం చేసుకున్న జడ్జిని కూడా అంతే గట్టిగా కాపాడుతుందన్నదే నా అభ్యంతరం.

మరోవైపు, 2009 నాటి న్యున్యెస్-వాల్డెస్ కేసు వీసా మీద ఉన్న మనవాళ్లందరూ తెలుసుకోవలసినది. నేరం ఒప్పుకున్నా దేశబహిష్కారం ఉండదని లాయరు తప్పుగా చెప్పాడని విచారణ జడ్జి సాక్ష్యం విని నమ్మారు. అప్పిలేట్ డివిజన్ కాదన్నది, రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్లీ విచారణ జడ్జి నిర్ణయానికే వచ్చింది. మరుసటి ఏడాది పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, దేశబహిష్కారపు ముప్పు గురించి సరైన సలహా ఇవ్వడం లాయరు బాధ్యతేనని దేశమంతటికీ వర్తించేలా చెప్పింది. షాపులో చిన్న దొంగతనం కేసే కదా, ఒప్పుకుంటే పోతుందిలే అనే మాట మా ఆఫీసులో వినిపించినప్పుడల్లా నేను కుర్చీలోంచి లేస్తాను.

ఇంత విలువైన రికార్డు చివరికి ఎలా తయారవుతుందో చూస్తే గుబులుగా ఉంటుంది. చాలా గదుల్లో స్టెనోగ్రాఫర్ ఉండరు. ధ్వని ముద్రణను విని తరువాత టైపు చేస్తారు. దుబాసీ సాయంతో మాట్లాడే తెలుగు సాక్షి విషయంలో, రాతప్రతిలోకి ఎక్కేది దుబాసీ చెప్పిన ఇంగ్లీషే. క్రితం నెలలో నేను సరిచూసిన ఒక రాతప్రతిలో, ఆ రాత్రి మీ భర్త మిమ్మల్ని నెట్టారా అన్న ప్రశ్నకు ఎదురుగా ‘నోటితో జవాబు లేదు’ అని ఉంది. ఆమె తల ఊపి ఉంటుంది. మన తల ఊపు అవుననో కాదనో, సరే చెబుతాననో కావచ్చు. జడ్జిగారు దాన్ని చూశారు, ఏదో ఒక అర్థం తీసుకున్నారు, లాయరు మాత్రం మళ్లీ అడగకుండా తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ పేజీకి ఒక పసుపు కాగితం అంటించి, పైన ‘47వ పేజీ, 12వ పంక్తి’ అని రాసి మా లాయరుగారి బల్ల మీద పెట్టాను.