మొదటి పాఠకురాలు

ఎనిమిదో తరగతి వరకు నా వ్యాసాల నోటుపుస్తకాన్ని దిద్దినవాళ్లు ఉన్నారు గానీ చదివినవాళ్లు లేరు. ఆ రెండూ వేర్వేరు పనులని అప్పట్లో నాకు తెలియదు. సోమవారం ఇచ్చిన పుస్తకం గురువారానికి ఎర్రసిరా సున్నాలతో, అడుగున ఒక అంకెతో, దాని పక్కన ఒక పొట్టి సంతకంతో తిరిగి వచ్చేది. అందరం ముందు మా అంకె చూసుకుని, తర్వాత పక్కవాళ్ల అంకె చూసి, పుస్తకం మూసి సంచిలో పెట్టేసేవాళ్లం. నేను రాసినదాన్ని నేనే రెండోసారి చదివి ఎరుగను.

ఆ వ్యాసాల్లో నా మాటలు కూడా పెద్దగా ఉండేవి కావు. వాన గురించి రాయమంటే వాన వల్ల లాభాలు, నష్టాలు, చివర ఒక సూక్తి రాసేదాన్ని. ప్రయాణం గురించి రాయమంటే ఎన్నడూ చూడని ఊరి సౌందర్యాన్ని వర్ణించేదాన్ని. గైడులో ఉన్నదాన్ని బట్టీ పట్టి, అక్కడక్కడ ఒక మాట మార్చి రాస్తే పదికి ఎనిమిది మార్కులు వచ్చేవి. రాయడమంటే ఎవరో ముందే నిర్ణయించిన జవాబును తప్పుల్లేకుండా అప్పజెప్పడమేనని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

లండన్‌లో జేమ్స్ బ్రిటన్ అనే విద్యా పరిశోధకుడు, ఆయన సహచరులు 11 నుంచి 18 ఏళ్ల మధ్య విద్యార్థులు బడిలో రాసిన సుమారు 2,000 రచనలను సేకరించి, ఒక్కొక్కటి ఎవరిని ఉద్దేశించి రాసిందో పరిశీలించి, 1975లో ఆ ఫలితాలను ప్రచురించారు. చాలా ఏళ్ల తర్వాత వాటి గురించి చదివినప్పుడు నా నోటుపుస్తకమే కళ్ల ముందు మెదిలింది. ఆ రచనల్లో దాదాపు సగం, పరీక్షకుడి స్థానంలో కూర్చున్న ఉపాధ్యాయుడి కోసం రాసినవే. తనకు ముందే తెలిసిన విషయం పిల్లలకు తెలుసో లేదో చూడటానికి చదివే మనిషికి మనం చెప్పగలిగిన కొత్త సంగతంటూ ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి అటువంటి ఒక్క పాఠకుడికే రాస్తూ పెరిగినవాళ్లు, పెద్దయ్యాక ఆప్తులకు నాలుగు వాక్యాల ఉత్తరం రాయవలసి వచ్చినా కలం పట్టుకుని జంకుతారు. అటువంటివాళ్లను నేను చాలామందిని చూశాను. మాట్లాడమంటే గంటసేపు చక్కగా మాట్లాడతారు, రాయమంటే మాత్రం చేతులు కట్టేసినట్టవుతారు.

చదవడంలోనూ ఇటువంటి భయమే ఉండేది. పాఠాన్ని ఒకరి తర్వాత ఒకరం లేచి నిలబడి పైకి చదవాలి. నా ముందు ఎందరున్నారో లెక్కపెట్టుకుని, నా వంతుకు ఏ పేరా వస్తుందో దాని మీద వేలు పెట్టి ఉంచి, నోరు తిరగని మాటలను పెదవులు కదపకుండా నాలుగైదుసార్లు అనుకునేదాన్ని. ఈలోగా మిగతావాళ్లు చదివిన కథ నా చెవికి ఎక్కేది కాదు. నా వంతు ముగిసి గుండెదడ తగ్గేసరికి పాఠం అయిపోయేది. ఎవరైనా సగంలోనే కూర్చుంటే లెక్క తప్పి, సిద్ధం చేసుకోని పేరా నా నెత్తిన పడేది. కథలో ఎవరు ఎందుకు ఏడ్చారో ఇంటికి వెళ్లి మళ్లీ చదివితే గాని తెలిసేది కాదు.

ఇందులో పిల్లల అశ్రద్ధ ఏమీ లేదు. అక్షరాలను పోల్చుకోవడానికే మనసంతా ఖర్చయిపోతే అర్థం కోసం మిగిలేది కొద్దిగానే ఉంటుందని లాబెర్జ్, శామ్యూల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే వివరించారు. పోల్చుకోవడం ఊపిరి తీసినంత సులువుగా జరిగే దశ రావాలంటే చాలా చదవాలి. చాలా చదవాలంటే చదవడం మీద ఇష్టం ఉండాలి. నా పక్కన కూర్చునే అమ్మాయి చూసింది చూసినట్టు కళ్లకు కట్టేలా చెప్పేది గానీ పుస్తకం చేతికిస్తే మాట మాటకీ ఆగేది. ఒకరోజు తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత తన వంతు వచ్చే పీరియడులో ఏదో ఒక సాకుతో బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. బాగా చదివేవాళ్లు మరింత చదివి మరిన్ని మాటలు సంపాదించుకుంటారని, తడబడేవాళ్లు చదవడం తగ్గించి ఇంకా వెనకబడతారని, ఆ దూరం ఏటేటా పెరుగుతుందని కీత్ స్టానొవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక వ్యాసంలో రాశాడు. ఆ వ్యాసం గురించి తెలిసిన రోజున నాకు గుర్తొచ్చింది ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అనుమతి అడిగిన తీరు. తను వెనకబడటంలో నా నవ్వు కూడా ఉంది, అందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఎనిమిదో తరగతిలో కొత్తగా వచ్చిన టీచరు, మరచిపోలేని రోజు గురించి రాయమన్నారు. గైడులో ఆ వ్యాసం దొరకలేదు. గత్యంతరం లేక, మా తాతయ్యకు కంటి ఆపరేషను అయ్యాక కట్టు విప్పిన రోజు గురించి రాశాను. పేజీకి కొంచెం తక్కువే వచ్చింది. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు ఎర్రసిరా సున్నాలు ఎప్పటిలాగే ఉన్నాయి, అంకె మాత్రం లేదు. మార్జిన్‌లో, "కట్టు విప్పారు, తాతయ్యకు చూపు వచ్చింది" అన్న నా వాక్యం పక్కన, పెన్సిలుతో సన్నగా ఒక ప్రశ్న ఉంది: "మొదట ఎవరిని చూశారు?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఒక్కదానికే తెలుసు. తాతయ్య మా ఎవరినీ చూడలేదు. తన అరచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని, తిప్పి వెనకవైపు చూసి, మళ్లీ తిప్పి, ఆ గీతలను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. అది రాయదగ్గ సంగతి అని నాకు తోచనే లేదు. మర్నాడు రెండు పేజీలు రాసి తీసుకెళ్లాను. టీచరు నన్ను పక్కన నిలబెట్టుకుని మొత్తం చదివి, "ముసలివైపోయాయే ఈ చేతులు అనుకుని ఉంటారు కదమ్మా" అన్నారు. నేను రాయని మాటను నేను రాసినదాంట్లోంచి ఒక మనిషి పట్టుకోగలగడం నాకు అదే మొదటిసారి.

ఆవిడే వారానికి ఒక రోజు చివరి పీరియడులో మాకు ఒక నవలను చదివి వినిపించేవారు. పదాలకు అర్థాలు అడిగేవారు కాదు, నీతి చెప్పమనేవారు కాదు. గంట కొట్టగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేసేవారు. తక్కిన వాక్యం కోసం వారమంతా ఆగలేక నేను ఆ పుస్తకాన్ని వెతికి తెచ్చుకున్నాను. ఎవరూ ప్రశ్నలు అడగరని తెలిసి చదివిన మొదటి పుస్తకం అదే.

అమెరికాలో డెబోరా బ్రాండ్ట్ అనే పరిశోధకురాలు మామూలు మనుషులను కూర్చోబెట్టి, చదవడం, రాయడం ఎలా అబ్బాయో వాళ్ల జ్ఞాపకాలను అడిగి, 1994లో ఒక వ్యాసం ప్రచురించింది. చదవడాన్ని చాలామంది ఇంటివాళ్లతో, ఆప్యాయతతో ముడిపెట్టి గుర్తు చేసుకున్నారు. రాయడం గురించిన జ్ఞాపకాల్లో ఒంటరితనం, దాపరికం, అవమానం ఎక్కువగా కనిపించాయి. ఇది నా అనుభవానికి ఎంత దగ్గరగా ఉందంటే, నేను ఏడో తరగతిలో రహస్యంగా రాసుకున్న డైరీని మడిచిన దుప్పట్ల అడుగున దాచిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. బడిలో రాసే చేయి, ఆ డైరీ రాసే చేయి ఒకటే అయినా, అవి రెండూ ఒకే పని అని నేను అనుకోలేదు.

దిద్దడం అక్కర్లేదని నేను అనడం లేదు. ఆ పెన్సిలు ప్రశ్న ఉన్న పేజీలోనే ఎర్రసిరా సున్నాలూ ఉన్నాయి, వాటివల్లే నా వాక్యం కుదురుకుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాల నడక ఈనాటికీ నా చెవిలో ఉంది, అందుకు కృతజ్ఞత కూడా ఉంది. అయితే తప్పు దిద్దుకోవడానికి పిల్లలకు ఒక కారణం కావాలి. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గొంతెత్తి ఎక్కువసేపు పాఠం చెప్పలేని స్థితిలో, 1924లో తన తరగతిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమకు తోచిన సంగతులు రాసి, వాటిలో అచ్చుకు వెళ్లేదాన్ని తామే ఎంచుకుని, అందరూ కలిసి దిద్ది, సీసపు అక్షరాలను ఒక్కొక్కటే పేర్చి అచ్చువేసి, దేశం ఇంకో చివర ఉన్న మరో బడి పిల్లలకు పంపేవారు. అక్కడి నుంచి వాళ్ల రాతలు వీళ్లకు వచ్చేవి. తను చూసిన నత్తల సంగతి, ఎప్పుడూ కలవని ఒక పిల్లవాడికి అర్థం కావాలంటే అక్షరం సరిగా ఉండాలని ఆ తరగతిలో ఎవరూ విడిగా బోధించవలసిన పని ఉండి ఉండదు. బడులకు వెళ్లే అవకాశం దొరికినప్పుడల్లా నేను ఉపాధ్యాయులకు ఈ సంగతి చెబుతాను. అచ్చుయంత్రం లేకపోయినా పక్క తరగతి పిల్లలు ఉంటారు కదా, వాళ్ల చేత చదివించండి అని అడుగుతాను.

మొన్న మా అక్క కూతురు తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఆరో తరగతి చదువుతోంది. 'మా ఇల్లు' అనే వ్యాసం. మా ఇంట్లో నాలుగు గదులు ఉన్నాయి, మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది, ఇల్లే స్వర్గం అని రాసి ఉంది. పదికి ఏడు. నేను కాసేపు ఆ పేజీ పట్టుకుని కూర్చుని, "కోపం వస్తే ఈ ఇంట్లో ఎక్కడికి వెళ్తావే?" అని అడిగాను. తలుపు వెనక, బీరువాకీ గోడకీ మధ్య ఇరుకు సందులోకి వెళ్తానని, అక్కడ గోడకు తను పెన్సిలుతో గీసిన గీతలు ఉన్నాయని, ఒక్కొక్క గీత ఒక్కొక్క కోపమని, ఇప్పటికి పదకొండు అయ్యాయని, అమ్మకు తెలియదని గొంతు తగ్గించి చెప్పింది. చెప్పి, నా ముఖంలోకి అనుమానంగా చూసింది.

"అది కూడా రాయొచ్చా పిన్నీ?"