తూన్ రైల్లో తుపాకి

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, తూన్ అనే ఊరు వెళ్లే రైలెక్కగానే ఎదుటి సీట్లో మిలిటరీ యూనిఫాంలో ఓ కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. వీపున ఉన్న రైఫిల్ తీసి మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని శాండ్‌విచ్ తినడం మొదలుపెట్టాడు. అతని పక్కనున్న పెద్దావిడ పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం ఒకటే టెన్షన్.

"కంగారు పడకు అక్కా, అందులో తూటాలుండవు" అన్నాడు జ్యూరిక్‌లో ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొడుకు.

స్విట్జర్లాండ్‌లో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ సైనిక శిక్షణకు వెళ్లాలి. ఆ తర్వాత రైఫిల్ ఇంట్లోనే ఉంచుకోవచ్చు. తూటాలు ఇంటికివ్వడం మాత్రం 2007లో నిర్ణయం తీసుకుని ఆపేశారు.

మర్నాడు వాడు నన్నో పల్లెలో షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. గడ్డి మైదానానికి అవతల, 300 మీటర్ల దూరంలో గురిబోర్డులు. బోర్లా పడుకుని ఒక్కొక్కరూ 20 తూటాలు కాలుస్తున్నారు. సైనికులకిది ఏటా తప్పనిసరి పరీక్ష, ఎగ్గొడితే జరిమానా. కాల్చడం అయ్యాక ఓ పెద్దాయన వచ్చి ప్రతి రైఫిల్ లోపలా కళ్లు పెట్టి చూస్తున్నాడు, ఒక్క తూటా కూడా మిగలలేదని తేలేదాకా ఎవర్నీ లేవనివ్వడు. ఇంట్లో తుపాకి దొంగల కోసమేనా అని మావాడి చేత అడిగించాను. ఆయనకు ప్రశ్నే వింతగా అనిపించింది. దొంగలొస్తే పోలీసులున్నారుగా అన్నాడు.

తేడా అంతా అక్కడే ఉందని నాకనిపించింది. 2017 అంచనాల ప్రకారం నూరు మందికి అమెరికాలో 120 తుపాకులుంటే ఇక్కడ సుమారు 27. అదీ తక్కువేం కాదు. అయినా 90 లక్షల జనాభాలో ఏడాదికి హత్యలు 50 దరిదాపుల్లోనే. తుపాకి ఇక్కడ బాధ్యత కిందే లెక్క. లోడ్ చేసి వీధిలోకి తేవాలంటే నిజంగా ప్రాణభయం ఉందని రుజువు చేసి, పరీక్ష రాసి, అనుమతి తెచ్చుకోవాలి. అదే టెక్సస్‌లో 2021 నుంచి 21 ఏళ్లు దాటిన చాలామందికి లైసెన్సే అక్కర్లేదు. మా చెల్లి ఉండేది అక్కడే, డాలస్‌లో. 2023 మే 6న ఆ పక్కనే ఆలెన్‌లో ఓ మాల్‌లో కాల్పులు జరిగి చనిపోయిన 8 మందిలో మన తెలుగమ్మాయి ఒకరు.

అలాగని స్విస్ వాళ్లకు ఏ నష్టమూ లేదనుకోకూడదు. 2001 సెప్టెంబరు 27న త్సూగ్‌లో ఒకడు ప్రాంతీయ శాసనసభలోకి చొరబడి 14 మందిని చంపాడు. హత్యల్లో దాదాపు సగం ఇంటి గోడల మధ్యే జరుగుతాయి. నన్ను బాగా కలచివేసింది ఆత్మహత్యల సంగతి. 2003 నాటి సంస్కరణలో సైన్యాన్ని దాదాపు సగానికి తగ్గించి, దాంతో ఇళ్లలో సైనిక తుపాకులూ తగ్గాక, సైన్యంలో ఉండే వయసు మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి. తుపాకి లేదని వేరే దారి వెతుక్కున్నవాళ్లు కొద్దిమందేనట. మనుషులు ఎంత క్రమశిక్షణ గలవాళ్లయినా, చేతికందే దూరంలో ఆయుధం ఉంటే ఆ ఒక్క చెడ్డ రాత్రి గడవడం కష్టం. అయినా రైఫిళ్లను ఆయుధాగారాల్లో పెట్టాలన్న ప్రతిపాదనను 2011 ఓటింగులో 56 శాతం మంది తిరస్కరించారు. ఆ తీర్పు నాకు మింగుడు పడలేదు.

ఆ రాత్రి చెల్లి ఫోన్ చేసింది. ఇంట్లో ఓ పిస్టల్ ఉంటే మంచిదని మా మరిది అంటున్నాడట. తూన్‌లో చూసిందంతా చెప్పాను. అక్కడి కట్టుబాట్లేవీ లేకుండా ఒక్క తుపాకిని మాత్రం తెచ్చి ఇంట్లో పెట్టుకోవద్దు, పిల్లలున్న ఇల్లు అని గట్టిగా చెప్పాను.