గయ పండాగారి పుస్తకంలో మా ఊరు ఏ జిల్లా?

మొక్కు తీరింది. మహాలయ పక్షంలో గయ వెళ్ళొద్దన్నవాళ్ళ మాటా నిజమే. ఆ తోపులాటలో నేను వదిలిన పిండం విష్ణుపాదం మీద పడిందో, పక్కాయన చేతి మీద పడిందో చెప్పలేను. వెండి తొట్టిలో ఆ పాదం కనబడింది రెప్పపాటే. దానికే ఒళ్ళు జలదరించింది. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టాక ఫల్గునదిలో నీళ్ళకోసం ఇసుక తవ్వే పని తప్పింది, నీళ్ళు నిలుస్తున్నాయి. మిగతా క్రతువంతా మీరెరిగిందే. పూర్వీకుల పేర్లు వెతుక్కునేవాళ్ళకి పనికొచ్చేది పండాగారింట్లో ఉంది: తరతరాలుగా గయ వచ్చినవాళ్ళ పేర్లు, సంతకాలు ఉన్న పుస్తకాలు.

గయవాల్ పండాలు, అంటే గయలో ఈ క్రతువు చేయించే వంశపారంపర్య పురోహితులు, ఇంటిపేరు కంటే ముందు ఊరూ జిల్లా అడుగుతారు. పుస్తకాలు ఆ లెక్కనే కట్టి ఉంటాయి. ఇక్కడే మనవాళ్ళు చాలామంది ఉత్తచేతులతో వెనక్కొస్తారు, ఎందుకంటే ఇవాళ్టి జిల్లా పేరు చెబుతారు. మాది ఒంగోలు పక్క పల్లె. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత 1970 దాకా గుంటూరు, అటుపైన ప్రకాశం. భీమవరం, తణుకువాళ్ళకీ ఇదే తిప్పలు: 1904 వరకు గోదావరి జిల్లా, 1925 వరకు కృష్ణా, తర్వాత పశ్చిమ గోదావరి. గుంటూరు పుస్తకంలో మా తాతగారి తరం దొరికింది, పైతరం లేదు. గుమస్తా పుస్తకం మూసేస్తుంటే, వెనక గోడకి ఆనుకుని కూర్చున్న నెల్లూరు పెద్దాయన "ఉండవయ్యా, మా కట్టలో చూడమను" అన్నారు. తన వంతు వదులుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పుట పుటా ఆయనే తిప్పారు. గొలుసుకట్టు రాత చదవడం నేటివాళ్ళకి కష్టం: పదాల మధ్య ఎడం ఉండదు, అంకెలు తెలుగులో ఉంటాయి, సిరా తిన్నచోట కాగితం చిల్లుపడి ఉంటుంది. ఊరిపేరు మీద వేలు ఆనించి "ఇదిగో మీవాళ్ళు" అన్నారాయన. మా ముత్తాత తండ్రి సంతకం! ఆయన పేరేమిటో అడిగేలోపే జనం ఆయన్ని ముందుకి నెట్టేశారు.

పుటలో "ప్రమాది సం॥ ఆశ్వయుజం" అని మాత్రమే ఉంది. సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి అది 1879 కావచ్చు, 1939 కావచ్చు. నెల్లూరు పుస్తకంలో ఉంది గనుక 1904కి ముందుది, అంటే 1879. ఒక్క ఆధారంతో సరిపెట్టుకోకండి. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ, పేరొక్కటే చూస్తే రెండు తరాలు ఒకటైపోతాయి. తండ్రి పేరు, ఊరు, కూడా వచ్చినవాళ్ళ పేర్లు కలిస్తేనే ఒప్పుకోవాలి. దత్తత వెళ్ళినచోట గోత్రం, ఇంటిపేరు మారతాయి; ఇల్లరికంలో ఇంటిపేరు నిలుస్తుంది, ఊరు మారుతుంది. వంశవృక్షం తెగేది ఎక్కువగా ఈ రెండుచోట్లే.

అందుకే బయల్దేరేముందే ఇంటి దగ్గర కొంత పని చేసుకోవాలి. కుటుంబానికి ఇనాం (మాన్యం) భూమి ఉండి ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించిన ఆ రిజిస్టరులో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటి ఇనాందారుతో చుట్టరికం ఉంటాయి. మా విషయంలో, 1860లో 28 ఏళ్ళని రాసినవాడు 1879లో గయ వచ్చేసరికి 47 ఏళ్ళవాడు, లెక్క కుదిరింది. ఫసలీ సంవత్సరం (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్. నకలు కోసం పెట్టే దరఖాస్తులో పాత తాలూకా పేరు, గ్రామం పేరు, తెలిస్తే సర్వే నంబరు రాయాలి. "దొరకలేదు" అనే జవాబు వచ్చిందంటే చాలాసార్లు కొత్త మండలం పేరుతో వెతికారన్నమాట. కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయినప్పుడు గ్రామ దస్తరాలు చేతులు మారాయి, కొన్ని అప్పుడే చెల్లాచెదురయ్యాయి.

ఆన్‌లైన్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ భూముల రికార్డుల సైటు మీభూమిలో కనబడేది ఇప్పటి పట్టాదారే, సర్వే నంబరు పట్టుకోవడానికి మాత్రం అది చాలు. వంశావళుల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో హరిద్వార్ పండాల పుస్తకాల చిత్రాలు ఉచితంగా ఉన్నాయి, ఖాతా తెరిస్తే చాలు. అవి ఎక్కువగా ఉత్తరాదివాళ్ళవి. చాలా భాగం పేరు కొడితే తేలదు, పుట పుటా తిప్పాల్సిందే.

ఫోటోకి పండాగారి అనుమతి అడగండి, దక్షిణ ముందే మాట్లాడుకోండి. ఆ రద్దీలో బేరానికి దిగితే పుస్తకం మూసేస్తారు. ఫ్లాష్ వద్దు, కిటికీ వైపు నుంచి పక్కవెలుగు పడేలా పుస్తకం పెట్టించండి, వెలిసిన సిరా కాస్త తేలుతుంది. మన పుటతో పాటు అట్ట, ముందు పుట, తర్వాతి పుట కూడా తీయాలి. సంవత్సరం రాయని పుటకి కాలం తెలిసేది వాటివల్లే.

చివర మన పేర్లూ రాయమంటారు. వెనకాల జనం అరుస్తున్నా తొందరపడకండి. నల్లసిరా, విడివిడి అక్షరాలు. పూర్తి ఇంటిపేరు, గోత్రం, మూడు తరాలు, ఆడవాళ్ళ పేర్ల పక్కన పుట్టింటి ఇంటిపేరు, ఆడపిల్లలు మెట్టిన ఊళ్ళు, తెలుగు తిథితో పాటు ఇంగ్లీషు తేదీ. ఊరి పక్కన నేను మూడు జిల్లాలూ రాశాను: నెల్లూరు, గుంటూరు, ప్రకాశం. గుమస్తా నవ్వి, ఏ కట్టలో పెట్టమంటారని అడిగాడు. ప్రకాశంలో పెట్టి, నెల్లూరు పుటలో ఈ పుట సంఖ్య వేయమన్నాను. వేశాడు.