పాత క్షవరం కత్తికి సాన: చెంపలు అయ్యాయి, గడ్డం దగ్గర ఇంకా లాగుతోంది

ఇప్పటికి పరిస్థితి ఇదీ. చెంపల మీద కత్తి హాయిగా నడుస్తోంది, వెంట్రుకలు తెగుతున్న సన్నటి చప్పుడు కూడా వినిపిస్తోంది. గడ్డం మీదికి, పై పెదవి మీదికి వచ్చేసరికి మాత్రం లాగుతోంది. కారణం దొరికింది, సరిచేయడం ఇంకా మిగిలింది. ఈలోగా చేసిన పనంతా రాసి పెడుతున్నాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుంది.

ముందు కత్తి సంగతి. వెడల్పు 5/8, అంటే సుమారు 16 మిల్లీమీటర్లు. ఈ కత్తుల వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కనే చెబుతారు. రెండు పక్కలా లోపలికి బాగా తొలిచిన హాలో గ్రైండ్ రకం, గోటితో మీటితే సన్నగా మోగుతుంది. మీద సోలింగెన్ ముద్ర ఉంది. జర్మనీలో ఆ ఊరి పేరుకి 1938 నుంచీ చట్టం రక్షణ ఉంది, అక్కడ తయారుకాని కత్తుల మీద ఆ పేరు వేయడానికి లేదు. అయితే ముద్ర ఎంత గొప్పదైనా కత్తి ఇప్పుడెలా ఉందో అది చెప్పదు కదా. దానికి చూడాల్సింది తుప్పు. పక్కల మీద మరకలుంటే పోతాయి. తుప్పు తిన్న గుంటలు వాదర, అంటే తెగే అంచు, దాకా వస్తే మాత్రం ఆ కత్తి జోలికి పోకపోవడమే మేలు, ఎంత నూరినా అక్కడ అంచు రాలిపోతూనే ఉంటుంది. నా కత్తికి గుంటలున్నాయి కానీ వెన్ను వైపే ఆగిపోయాయి.

శుభ్రం చేయడానికి 600 నంబరు వాటర్ పేపర్, తర్వాత 1000, 2000, చివర్లో మెటల్ పాలిష్. పేపర్‌కైనా రాయికైనా నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఎప్పుడూ వెన్ను నుంచి వాదర వైపు రుద్దుతూ బయటికి వెళ్లిపోవాలి, ఎదురు వస్తే వేళ్లు తెగుతాయి. కరెంటు గ్రైండర్ దగ్గరికి అసలు తీసుకెళ్లొద్దు. అంచు దగ్గర ఉక్కు ఎంత పల్చనంటే క్షణంలో వేడెక్కిపోతుంది, రంగు మారిందంటే టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోయినట్టే. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు.

ఇక అసలు పని. వంటింటి కత్తికి ఏ కోణంలో పట్టాలన్నదే పెద్ద టెన్షన్. ఇక్కడ ఆ బాధ లేదు. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించి పడుకోబెడితే కోణం దానంతటదే వస్తుంది. నా కత్తి వెన్ను మందం 4.8 మిల్లీమీటర్లు, వెడల్పు 16, లెక్క వేస్తే రెండు వైపులా కలిపి సుమారు 17 డిగ్రీలు. వెన్ను అరిగిపోకుండా ఒక పొర ఇన్సులేషన్ టేప్ వేశాను. టేప్ వేస్తే కోణం కొద్దిగా, ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. అందుకని మొదటి రాయి మీద టేప్ వేస్తే ఆఖరి రాయి దాకా అదే మందం ఉంచాలి, మధ్యలో తీసేస్తే తర్వాతి రాయి వాదర కొసని తాకదు.

రాయి చదునుగా లేకపోతే ఇదంతా దండగ. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అద్దం మీద పరిచిన వాటర్ పేపర్‌పై నీళ్లు పోస్తూ రుద్దాలి. గీతలు అంతటా పోయేదాకా రుద్దితే చదునైనట్టు. కొత్త రాయైనా సరే ఒకసారి చూసుకోవాలి. అన్నట్టు, కొన్ని రాళ్లని నానబెట్టాలి, కొన్నిటికి పైన నీళ్లు చల్లితే చాలు. చల్లితే చాలనే రకాన్ని నానబెడితే పగుళ్లు రావచ్చు, కొనేటప్పుడే ఏ రకమో కనుక్కోండి.

రాయి మీద కత్తి వాదర ముందు నడవాలి, పొరని గీరి తీస్తున్నట్టు. చివరికి వచ్చాక పుస్తకంలో పేజీ తిప్పినట్టు వెన్ను మీద తిప్పాలి. వాదర మీద తిప్పితే చేసిందంతా ఆ ఒక్క క్షణంలో పోతుంది. పిడికి దగ్గరున్న మందపాటి భుజం రాయి ఎక్కకుండా చూసుకోవాలి, అది ఎక్కితే ఆ పక్కన వాదర గాల్లో ఉండిపోతుంది. అందుకే తిన్నగా కాకుండా కాస్త ఐమూలగా లాగుతూ, పిడి వైపు మొదలుపెట్టి మొన వైపు ముగిస్తున్నాను. గట్టిగా నొక్కితే పల్చటి ఉక్కు వంగుతుంది, అప్పుడు రాయి వాదర కొసని వదిలేసి దాని వెనక భాగాన్ని తింటుంది.

1000 నంబరు రాయి మీదే నేను ఎక్కువ కాలం ఉన్నాను, ఇంకా ఉండాల్సింది కూడా అక్కడే. రెండు పక్కల నుంచీ వచ్చే సన్నటి పట్టీలు, అంటే బెవెల్, కొస దగ్గర పూర్తిగా కలవాలి. కలిశాయో లేదో కంటికి అందదు కాబట్టి వాదర వెంట నల్ల మార్కర్ రాసి, ఒకటి రెండు సార్లు రాయి మీద నడిపి చూస్తాను. పిడి వైపూ మధ్యలోనూ నలుపు శుభ్రంగా పోయింది. మొన వైపు చివరి మూడో వంతులో మాత్రం కొస వెంట సన్నటి నల్ల గీత అలాగే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే రాయి తాకిన గీతలు ఆ నలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. వాదర తిన్నగా లేదు. పాతికేళ్లో యాభై ఏళ్లో ఎవరెవరో నూరగా మొన దగ్గర కొంచెం పైకి ఒంపు తిరిగింది.

దీనికి మందు ఉంది. కత్తిని మొన వైపు జరుపుతూ పిడిని ఒక వెంట్రుకవాసి ఎత్తడం, ఒంపుని వరసగా రాయికి అందించడం. వెడల్పాటి రాయి కన్నా సన్నటి రాయి మీద, లేదా ఉన్న రాయి ఒక అంచు మీద, ఇది సులువు. నలుపు చాలావరకు పోయింది. ముంజేతి వెంట్రుకలు వాదర పొడవునా తెగుతున్నట్టే అనిపించింది.

ఆ తర్వాత 4000, 8000. వీటి గురించి చెప్పేది తక్కువ. ముందు రాయి గీతలు పోయేదాకా 4000, మెరుపు వచ్చేదాకా 8000, కత్తి బరువు తప్ప చేతి బరువు వద్దు. ఆపైన తోలు పట్టీ. ఇక్కడ దిశ తలకిందులు, వెన్ను ముందు, వాదర వెనక. పట్టీ బిగువుగా ఉండాలి, వదులైతే వాదర గుండ్రబడుతుంది.

ముఖం మీద పెట్టాక అసలు రంగు తెలిసింది. చెంపల మీద కత్తి మధ్య భాగం పనిచేస్తుంది. గడ్డం ఒంపులోనూ పెదవి మీదా మొన వైపే వాడతాం. సరిగ్గా ఆ మూడో వంతే లాగుతోంది! దీపం కింద వాదరని పైకి తిప్పి పట్టుకుంటే మొన దగ్గర వెలుగు ఒక దారం ముక్కలా మెరిసింది. బెవెల్ కలిసిన చోట అలాంటి మెరుపు ఉండదు. ముంజేయి వెంట్రుకల పరీక్ష కన్నా ఈ దీపం పరీక్షే నయం అనిపిస్తోంది, ముంజేతి వెంట్రుకలు సన్నం, గడ్డం వెంట్రుకలు మొండివి.

12000 రాయి తీసుకుంటే సరిపోతుందని, క్రోమియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి రాసిన తోలు పట్టీ మీద లాగితే కుదురుతుందని సలహాలు వచ్చాయి. నాకు నమ్మకం లేదు. 8000 రాయి రేణువులు ఒకటి రెండు మైక్రాన్లు, క్రోమియం ఆక్సైడ్ అయితే అర మైక్రాన్ దగ్గర. అవి మెరుగు పెడతాయి గానీ కలవని చోట ఉక్కు కోసి కలపలేవు.

కాబట్టి టేప్ కొత్తది వేసి మళ్లీ 1000 రాయికి వెళ్తున్నాను, మొన వైపు ఆ మూడో వంతుకి మాత్రమే. దీపం కింద మెరుపు పోయాక కత్తి మొత్తాన్నీ రాయి మీద తేలిగ్గా కొన్నిసార్లు నడిపి, ఆ తర్వాతే 4000. ఈలోపు కత్తిని తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాసి పెట్టాను. ఇది కార్బన్ స్టీల్, తడి ఉంటే రాత్రికి రాత్రే మచ్చ పడుతుంది.